సెస్నా 152 విండ్‌షీల్డ్ మీద పెయింట్ తుంపర్లు పడినాయి, గీతలు పడకుండా తీసేదెట్లా?

రేణిగుంట_ల్యాబోడు

అన్నలందరికీ నమస్తే. తిరుపతి పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఏరో ల్యాబ్‌లో పని చేస్తా, కాలేజీ పేరు వద్దులే. మా దగ్గర సెస్నా 152 అనే ఒక పాత చిన్న విమానం ఉండాది, ఎగరదు, ఇంజన్ విప్పి బల్ల మీద పెట్టి పిల్లోళ్లకు చూపిస్తాం. వచ్చే నెల ఎవరో పెద్దోళ్లు వస్తారని మా హెచ్ఓడీ సారు దానికి కొత్త పెయింట్ కొట్టించమన్నాడు, సరే అని కార్లకు కొట్టే ఒకాయన్ని పిలిపించినాం. పని బాగానే చేసినాడు, తెలుపు మీద నీలం పట్టీ, చూస్తే ముచ్చటేస్తుంది. కానీ మా షెడ్డుకు ఒక పక్క గోడ లేదు, మధ్యాహ్నం గాలి లేసింది, విండ్‌షీల్డ్ మీద అంటించిన న్యూస్ పేపర్ ఒక మూల టేపుతో సహా లేసిపోయింది, ఎవరం చూసుకోలేదు. సాయంత్రం పేపర్ పీకి చూస్తే డ్రైవర్ సీటు పక్క (పైలట్ సీటు అనాల, నోరు తిరగదు) సగం దాకా తెల్లగా పొగ పట్టినట్టు ఉంది, తడిమితే ఉప్పు చల్లినట్టు గరగరా అంటాంది.

ఇంకా ఘోరం ఏందంటే పెయింటరన్న "ఇదేం పెద్ద పనా" అని థిన్నర్లో గుడ్డ ముంచి కింద మూలన జానెడు మేర తుడిచేసినాడు. పెయింట్ పోయింది, అద్దం తళతళలాడింది, అందరం సంతోషపడినాం. మరుసటి రోజు పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూస్తే ఆ జానెడు మేర లోపల సన్న సన్న వెండి దారాల మాదిరి మెరుస్తాండాయి. గోరుకు తగలవు, ఎదురుగా నిలబడి చూస్తే కనపడవు, పక్కకు జరిగితే కనపడతాయి. అప్పుడు భయమేసి మిగతాది ఎవర్నీ ముట్టనీలేదు.

పెయింట్ పీయూ (పాలీయూరిథేన్), గట్టిపడేదానికి హార్డనర్ కలిపింది. శనివారం కొట్టినారు, ఈ రోజు మంగళవారం. మిగతా తుంపర్లు తీసే దారి చెప్పండి, ఆ వెండి దారాలు పోతాయా లేదా అది కూడా చెప్పండి. సారుకు ఇంకా చూపించలేదు, గుడ్డ కప్పి పెట్టినా.

చిత్తూరు_సైన్‌బోర్డు

తమ్ముడూ ముందు ఆ థిన్నర్ డబ్బా షెడ్డు బయట పెట్టు. నాకు విమానాల సంగతి తెలీదు కానీ ఆ విండ్‌షీల్డ్ ప్లాస్టిక్, అదే అక్రిలిక్, దాని సంగతి బాగా తెలుసు, మా షాపులో పొద్దున లేస్తే అక్రిలిక్ షీట్లే. నువ్వు చెప్పిన వెండి దారాలు నేను మొదట్లో చాలా చూసినా, డబ్బులు పోగొట్టుకుని మరీ నేర్చుకున్నా. లేజర్ మీద అక్షరాలు కోసినాక అంచులు పొగచూరి ఉంటాయి కదా, శుభ్రంగా ఉంటుందని స్పిరిట్ పెట్టి తుడిచేవాణ్ణి. తుడిచినప్పుడు అద్దం లెక్క ఉండేది, కాసేపు ఆగి చూస్తే అంచు నుంచి లోపలికి రావి ఆకు ఈనెల మాదిరి పగుళ్లు. కస్టమర్ ముందర పరువు పోయింది.

మా షీట్లు సప్లై చేసే ఆయన చెప్పినాడు కారణం. షీటు కోసినప్పుడో వంచినప్పుడో దాని లోపల ఒక బిగువు మిగిలిపోతుంది, పైకి కనపడదు. స్పిరిట్, థిన్నర్, అసిటోన్ లాంటివి తగిలితే ఆ బిగువున్న చోట ప్లాస్టిక్ పట్టు వదిలేసి చీలిపోతుంది. అందుకే ఇప్పుడు మేము కోసిన అక్షరాల్ని ఓవెన్లో 80 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు పెట్టి నిదానంగా చల్లారనిస్తాం, బిగువు పోతుంది, అప్పుడు అంత తొందరగా చీలదు. నీ విండ్‌షీల్డ్ గుమ్మడికాయ చెక్క మాదిరి వంపు తిరిగి ఉంటుంది, పైగా అంచులు ఫ్రేములో బిగించి ఉంటాయి, మీవాడు సరిగ్గా కింద మూలనే తుడిచినాడు. రాక ఏమైతాయి!

పోతాయా అంటే పోవు. పాలిష్ పెడితే పైన గీత పోతుంది, ఇది పైన లేదు, మందంలోకి దిగిపోయింది.

పుత్తూరు_పిల్లోడు

ఎముకైతే మా ఊరికి తీసుకొచ్చి కట్టు కట్టించొచ్చు, అక్రిలిక్‌కు మా దగ్గర కూడా కట్టు లేదు అన్నా 😅

ఇంకో ముచ్చట, మా అవ్వకు శుక్లాల ఆపరేషన్ చేసినప్పుడు డాక్టరమ్మ చెప్పింది, రెండో ప్రపంచ యుద్ధంలో ఫైటర్ విమానాల అద్దం ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నా కన్ను వాటిని తిప్పికొట్టలేదంట, అది గమనించి రిడ్లీ అనే ఇంగ్లండు డాక్టరు 1949లో అదే ప్లాస్టిక్‌తో కంట్లో పెట్టే లెన్స్ చేసినాడంట. కన్ను తట్టుకున్న ప్లాస్టిక్ థిన్నర్‌కు తట్టుకోలేదు చూడండి. సరే టాపిక్ చెడగొట్టను.

హ్యాంగర్_అన్న

నాది చంద్రగిరి, ఇప్పుడు వేరే రాష్ట్రంలో విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరుగా చేస్తున్నా. చిత్తూరు ఆయన చెప్పింది అక్షరాలా నిజం, మా భాషలో దాన్ని క్రేజింగ్ అంటాం. ఎగిరే విమానం అయితే పైలట్ చూపుకు అడ్డొచ్చే చోట క్రేజింగ్ వస్తే ఆ విండ్‌షీల్డ్ గురించి నిర్ణయం తీసుకునేది లైసెన్స్ ఉన్న ఇంజనీరే, పెయింటరూ కాదు హెచ్ఓడీ కూడా కాదు. మీది నేల మీదే ఉండేది కాబట్టి బతికిపోయారు, ఆ మూల అట్లనే వదిలేయండి, పిల్లలకు చూపించడానికి అంతకంటే మంచి శాంపిల్ దొరకదు, నేను వెటకారానికి చెప్పడం లేదు.

సెస్నా 152 హ్యాండ్‌బుక్ మీ ల్యాబ్‌లో ఉండే ఉంటుంది, ఎనిమిదో సెక్షన్ తీసి చూడండి, విండ్‌షీల్డ్ తుడవడం మీద చిన్న భాగం ఉంటుంది. పెట్రోల్, బెంజీన్, ఆల్కహాల్, అసిటోన్, కార్బన్ టెట్రాక్లోరైడ్, మంటలార్పే ద్రవం, మంచు కరిగించే ద్రవం, లాకర్ థిన్నర్, ఇంట్లో కిటికీలకు కొట్టే గ్లాస్ క్లీనర్, ఇవేవీ వాడొద్దని పేరుపేరునా రాసి ఉంటుంది. విమానాల విండ్‌షీల్డ్ క్లీనర్ దొరకనప్పుడు నూనె జిడ్డు పోవడానికి ఒప్పుకున్నది స్టోడార్డ్ సాల్వెంట్, అది మన దగ్గర పెయింట్ షాపుల్లో అమ్మే మినరల్ టర్పెంటైన్ జాతిది. కానీ షాపులో దొరికే ప్రతి డబ్బా ఒకటి కాదు, అరోమాటిక్ (బెంజీన్ జాతి రసాయనాలు) ఎక్కువ ఉన్న రకం కూడా వస్తుంది, అది ఈ పనికి వద్దు. అదీకాక హార్డనర్ కలిపిన పీయూ మూడు రోజులయ్యాక టర్పెంటైన్‌కు కరగదు, కాబట్టి మీకు దానివల్ల లాభం కూడా తక్కువే. కరిగించే ఆలోచన మానేసి ఊడదీసే ఆలోచన చేయండి.

మీకు కలిసొచ్చింది ఒకటుంది. తడిమితే గరగరా అంటోంది అన్నారు కదా, అంటే గాల్లోనే సగం ఆరిపోయిన చుక్కలు వచ్చి పడ్డాయి. గన్ను ఎదురుగా కొట్టిన పెయింట్ అయితే నున్నగా పొరలాగా పట్టుకుంటుంది, దాన్ని తీయడం నరకం. ఈ దుమ్ములాంటిది పైపైనే కూర్చుంటుంది. దీనికి కార్ డీటెయిలింగ్ వాళ్ల దగ్గర దొరికే క్లే బార్ (బంకమట్టి లాంటి మెత్తటి ముద్ద) చాలు.

ముందు నీళ్లు. గుడ్డ పెట్టకుండా పైనుంచి ధారగా నీళ్లు పోయండి, ఇసుక రేణువులు ఉంటే కొట్టుకుపోవాలి. తర్వాత షాంపూ నీళ్లతో ఉంగరం, వాచీ తీసేసి ఉత్త అరచేత్తో కడగండి, చెయ్యే అన్నిటికంటే మంచి స్పాంజి, ఇసుక రేణువు ఉంటే దానికి తెలుస్తుంది. అప్పుడు క్లే ముక్క చిన్నది తీసుకుని చేతిలో మెత్తగా చేసి, అద్దం మీద షాంపూ నీళ్లు ధారాళంగా ఉంచి, బరువు పెట్టకుండా పైకీ కిందికీ నడపండి. గుండ్రంగా తిప్పొద్దు, గుండ్రంగా పడిన సన్న గీతలన్నీ ఎదురెండలో సాలెగూడులాగా మెరుస్తాయి. మొదట్లో గరగరమని ఉంటుంది, అది తగ్గి జారుతుంటే అక్కడ పని అయినట్టు. క్లేకు రంగు పట్టగానే మడిచి కొత్త వైపు తిప్పండి. కింద పడితే మాత్రం తీసి మళ్లీ వాడొద్దు, ఎంత ఖరీదైనా పారేయండి.

పొడిగుడ్డతో ఎప్పుడూ రుద్దొద్దు. గీతల సంగతి ఒకటి, రుద్దితే స్టాటిక్ పుట్టి చుట్టూ ఉన్న దుమ్మంతా లాగేసుకుంటుంది. ఎండలో కాగిన అద్దం మీద అసలే వద్దు, తిరుపతిలో పది దాటితే షెడ్డులో కూడా కాలిపోతుంది కదా, తెల్లారి ఆరుకు మొదలుపెట్టండి. ఆ కప్పిన గుడ్డ కూడా తీసేయండి, గాలికి కదిలి అదే గీకుతుంది.

గన్ను_పట్టినోడు

నేనూ పెయింటర్నే, ఇరవై ఏండ్ల నుంచి ఇదే పని, ఈ పని చేసింది నేను కాదు, ముందే చెప్తాండా. ఆయన్ని రవంత వెనకేసుకొస్తా. కారు అద్దం గాజు, దాని మీద థిన్నర్ కాదు ఏం పోసినా ఏమీ కాదు, మా చేతికి అదే అలవాటు. ఇది ప్లాస్టిక్ అని ఎవరన్నా చెప్పినారా ఆయనకి? చెప్పి ఉండరు.

తప్పు థిన్నర్ కంటే ముందు న్యూస్ పేపర్ కాడ ఉండాది. పేపర్లో నుంచి తడి దిగుతాది, ఒక్క వరస పేపర్ అయితే కింద అద్దానికి తగుల్తాది. ప్లాస్టిక్‌కు అయితే ముందు మెత్తటి ప్లాస్టిక్ షీటు, అంచున మంచి రకం టేపు, దాని మీద పేపర్. టేపు కూడా పని అయిన రోజే పీకేయాల, ఎండలో వారం రోజులు వదిలితే జిగురు అద్దం మీదే ఉండిపోతాది, మళ్లీ దానికి ఇంకో మందు యెతుక్కోవాల.

ఒక కిటుకు చెప్తా. మిగిలిన చుక్కలు కంటికి ఆనవు. పలచటి ప్లాస్టిక్ కవర్ చేతికి తొడుక్కొని తడి అద్దం మీద వేళ్లతో తడుము, ఉత్త చేతికి తెలీనిది కవర్ ఉంటే తెలుస్తాది. ఇంకోటి, పాత ఏటీఎం కార్డుతో గీకమని ఎవడో ఒకడు చెప్తాడు. వద్దు. కార్డు మెత్తనే, కానీ ఊడిన పెయింట్ పెళ్ల కార్డు కింద ఇరుక్కుందంటే అదే ఉలి అయితాది.

రేణిగుంట_ల్యాబోడు

పెయింటరన్నా నువ్వన్నది నిజమే, ఎవరం చెప్పలేదు. మేమే అద్దం అద్దం అంటాంటిమి, ఆయన అద్దమే అనుకున్నాడు. హ్యాంగర్ అన్నా, కప్పిన గుడ్డ తీసేసినా. ఇక్కడ ఒక ఫ్యాకల్టీ సారు 1500 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) పెట్టి రుద్ది తర్వాత రబ్బింగ్ కాంపౌండ్ పెడితే సరిపోతుంది అంటాండాడు, విమానాలకు మైక్రోమెష్ అని 1500 నుంచే మొదలయ్యేది ఒకటుంది, రెండూ ఒకటే అంట. చెయ్యొచ్చా?

హ్యాంగర్_అన్న

రెండూ ఒకటి కాదు. మైక్రోమెష్ నంబర్ల లెక్క వేరు, మన వాటర్ పేపర్ లెక్క వేరు, 1500 అని రెండిటి మీదా రాసి ఉన్నంత మాత్రాన సమానం కాదు. మైక్రోమెష్‌లో రేణువులు మెత్తటి పొర మీద కూర్చుని ఉంటాయి, నొక్కితే లోపలికి దిగుతాయి, అందుకే లోతుగా కోయదు. 1500, 1800, 2400 అట్లా ఒక్కో మెట్టూ ఎక్కుతూ 12000 దాకా పోవాలి, ప్రతి మెట్టుకూ రుద్దే దిశ అడ్డంగా మార్చాలి, కిందటి మెట్టు గీతలు పూర్తిగా పోయాయని చూసుకున్నాకే తర్వాతది. మధ్యలో ఒకటి ఎగ్గొడితే మొదటికొస్తుంది. అదంతా చేసినా ఒక్క చోటే రుద్దితే అక్కడ పల్లం పడి అవతల స్తంభం వంకరగా కనిపిస్తుంది. మీకున్నది పైన కూర్చున్న దుమ్ము, దానికి అంత యుద్ధం దేనికి? క్లే అయ్యాక ఏమన్నా సన్నగా మసక మిగిలితే ప్లాస్టిక్ పాలిష్ చాలు, కారు రబ్బింగ్ కాంపౌండ్ వద్దు. చివర్న మంచి వ్యాక్స్ పలచగా పూసి ఫ్లానెల్ గుడ్డతో చేత్తో తుడవండి, చిన్న గీతలు అందులో కలిసిపోతాయి, ఇది కూడా హ్యాండ్‌బుక్‌లో ఉన్నదే.

రేణిగుంట_ల్యాబోడు

అప్‌డేట్. ఆదివారం పొద్దున ఆరింటికి నేను, ఇద్దరు మూడో సంవత్సరం పిల్లోళ్లు, ఆ పెయింటరన్న కూడా వచ్చినాడు పాపం, డబ్బులు అడక్కుండా. పెద్ద క్లే ముక్క రెండుగా చేసినాం, ఒకటి పావుగంటకే పిల్లోడి చేతిలో నుంచి జారి సిమెంటు మీద పడింది, వాడు తుడిచి మళ్లీ పెట్టబోతే పెయింటరన్నే లాక్కుని బయటికి విసిరేసినాడు. తొమ్మిదిన్నరకు ఎండ షెడ్డులోకి వచ్చేసింది, ఆపేసినాం, మిగిలిన కొంచెం సోమవారం పొద్దున చేసినాం. కవర్ కిటుకు బ్రహ్మాండంగా పనిచేసింది, అయిపోయిందనుకున్న చోట ఇంకా ఇరవై ముప్పై చుక్కలు దొరికినాయి. ఇప్పుడు ఎదురుగా చూస్తే ఏమీ లేదు, పక్క నుంచి చూస్తే రెండు మూడు సన్న గీతలు, అవి పాతవేనని నా నమ్మకం.

కింద మూల జానెడు మాత్రం అట్లనే ఉంది. సారుకు చూపించినా, కాసేపు తిట్టినాడు, తర్వాత దాని పక్కన చిన్న కాగితం అంటించమన్నాడు, దేనివల్ల వచ్చిందో పిల్లోళ్లు రాయాలంట, ఇంటర్నల్ మార్కులకు. ఇంకో సంగతి, డోరు కిటికీ మీద కూడా నాలుగు చుక్కలు ఉన్నాయి, అది విండ్‌షీల్డ్ కంటే పలచగా ఉంది, నొక్కితే ఊగుతాంది. దానికి లోపల నుంచి ఇంకొకరు అరచెయ్యి ఆనించి పట్టుకుని చెయ్యొచ్చా?

హ్యాంగర్_అన్న

చెయ్యొచ్చు. లోపల చెయ్యి పెట్టేవాళ్లు కూడా ఉంగరం తీయాలి, లోపలి వైపు కూడా ముందు కడగాలి.