అప్‌డేట్: క్యాలెండర్‌కెక్కిన ఉదయగిరి కోట ఫొటో

నేను తీసిన ఫొటోను ఒంగోలులో ఒక షాపు అడక్కుండా క్యాలెండర్ మీద వేసింది, ఏం చేయాలని ఇంతకుముందు అడిగాను కదా. నోటీసుతోనే తేలిపోయింది. రిజిస్ట్రేషన్ లేకున్నా ఫొటో మీద కాపీరైట్ హక్కు ఉంటుంది. సాక్ష్యంగా కెమెరా ఒరిజినల్ ఫైలు చాలా బలం. ‘కింద మీ పేరు వేశాం కదా’ అన్న వాదన నిలవదు. పేరు వేరు, అనుమతి వేరు. కాపీరైట్ చట్టం సెక్షన్ 52 మినహాయింపులు సొంత చదువు, విమర్శ, వార్తల వంటి వాటికే. అమ్మకాల ప్రచారానికి కాదు.

ఆన్‌లైన్ కాపీ విషయంలో చాలామంది తప్పిపోయేది గడువు దగ్గరే. 2013 కాపీరైట్ రూల్స్‌లోని 75వ రూల్ కింద రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే సైటు 36 గంటల్లో ఆ కాపీ కనిపించకుండా ఆపాలి. కానీ 21 రోజుల్లో మనం కోర్టు ఆర్డర్ తెచ్చి ఇవ్వకపోతే సైటు మళ్లీ పెట్టేయొచ్చు. దావాకు ఒంగోలు పోనక్కర్లేదు, సెక్షన్ 62 ప్రకారం మనముండే నెల్లూరులోనే వేయొచ్చు.

రాజీ కాగితంలో ఫొటో వాడుకునే కాలం, ప్రాంతం తప్పక రాయించండి. రాయకపోతే చట్టమే అయిదేళ్లు, దేశమంతా అని లెక్కేస్తుంది. అన్నట్టు, డబ్బు తీసుకుని తీసిన పెళ్లి ఫొటోలకు ఇదంతా వర్తించదు. వేరే ఒప్పందం లేకుంటే వాటి హక్కు తీయించుకున్నవాళ్లదే.