అప్‌డేట్: కారు ట్రాకర్ పెట్టించేశాను

పోయిన నెల అడిగాను కదా, ఒడిశా రాయగడలో మా కారు అద్దెకు తిప్పుతున్నాం, కారు ఎక్కడుందో ఫోన్‌లో చూపే, ఏటా డబ్బు కట్టే జీపీఎస్ ట్రాకర్ దండగా కాదా అని. చివరికి పెట్టించాను. ఓబీడీ పోర్టులో (స్టీరింగ్ కింద మెకానిక్‌లు కారు పరీక్షకు వాడే సాకెట్) గుచ్చేది వద్దనుకున్నా, ఎవరైనా ఇట్టే పీకేస్తారు, అందుకే కారు బ్యాటరీకి వైరు కలిపే రకం తీసుకున్నాను. మొదటి వారమే టెన్షన్! కోరాపుట్ వెళ్తుంటే ఘాట్‌లో మ్యాప్ మీద చుక్క ఆగిపోయింది, డ్రైవరు ఫోనూ కలవలేదు, అమ్మయితే మజ్జిగౌరి తల్లికి మొక్కేసుకుంది కూడా. తీరా చూస్తే లొకేషన్ ఉపగ్రహాల నుంచి దొరికినా దాన్ని మనకు పంపేది ట్రాకర్ లోపలి సిమ్మేనట, సిగ్నల్ లేనంతసేపూ దాచుకుని కొండ దిగాక అంతా ఒకేసారి పంపింది. మా దారిలో ఏ నెట్‌వర్క్ అందుతుందో కొనేముందే అడగాల్సింది. ఈ ఏడాదికి ఉంచుతున్నాను. ఇంటివాళ్లమే నడిపే కారైతే మాత్రం కొనేవాణ్ణి కాదు.