ఫ్రంట్‌లైన్‌కు తెలుగు: రేఖా, మొనా, మునుమా?

కడప డెస్కు:
గుంపులోని పెద్దలకు నమస్కారం. ఒక మాట వెతుక్కుంటూ వచ్చాను. కడపలో ఒక పత్రికలో రాత్రిపూట అంతర్జాతీయ వార్తలు చూస్తుంటాను. 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్ మీదికి వచ్చినప్పటి నుంచి నా చేతిలో బాగా అరిగిపోయిన మాట ‘యుద్ధరేఖ’. ఇంగ్లీషులో ఫ్రంట్‌లైన్ అని కనబడిన ప్రతిచోటా అదే వేస్తున్నాను. కొందరు ‘సరిహద్దు’ అని రాసేస్తారు. అది తప్పు. ఆ రెండు దేశాల సరిహద్దు ఒకచోట ఉంది, పోరు చాలావరకు ఉక్రెయిన్ లోపల సాగుతోంది. ‘వాస్తవాధీన రేఖ’ చైనాతో మనకున్నదానికి పేరుగా స్థిరపడింది. ‘నియంత్రణ రేఖ’ అనగానే కశ్మీరు గుర్తొస్తుంది. పైగా అది 1972లో సిమ్లా ఒప్పందం తర్వాత ఇరు సైన్యాలూ కూర్చుని పటాల మీద గీసుకున్న గీత. ఇక్కడ ఎవరూ కూర్చోలేదు, ఎవరూ గీయలేదు.

నన్ను ఇరికించిన సంగతి చెబుతాను. 2025 ఆగస్టులో, అలాస్కాలో ట్రంప్, పుతిన్ కలుసుకోవడానికి రెండు మూడు రోజుల ముందు, దొనెత్స్క్ ప్రాంతంలో దొబ్రొపిల్లియా దగ్గర రష్యన్లు పది కిలోమీటర్ల మేర లోపలికి వచ్చారని వార్త. డీప్‌స్టేట్ అనే ఉక్రెయిన్ వాళ్ల పటంలో ఆ రాత్రి కుందేలు చెవుల్లా రెండు పొడుగాటి ముక్కలు పైకి లేచాయి. నేను ‘పది కిలోమీటర్లు జరిగిన యుద్ధరేఖ’ అని వేశాను. ఉక్రెయిన్ సైన్యం మాత్రం చిన్న చిన్న గుంపులు సందుల్లోంచి దూరాయి తప్ప ఆ నేల వాళ్ల అధీనంలోకి పోలేదని చెప్పింది. పొద్దున్నే ఒక పాఠకుడు ఫోను చేసి, ‘నిన్న గీత జరిగిందన్నారు, నేడు జరగలేదంటున్నారు. గీత ఏమైనా పామా?’ అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంతకీ నా ప్రశ్న: జరుగుతూ, వంగుతూ, చిరుగుతూ ఉండే ఈ అంచుకు మన భాషలో మాట ఉందా?

కర్నూలు పంతులు:
ఉంది నాయనా, రోజూ వాడుతున్నావు కూడా. మొనగాడు అంటావు కదా, ఆ మొన ఏమిటనుకున్నావు? కత్తికి మొన, సూదికి మొన ఉన్నట్టే దండుకూ మొన ఉండేది. పాత నిఘంటువుల్లో మొనకు అగ్రంతో పాటు సేన, యుద్ధం అనే అర్థాలు కూడా కనబడతాయి. మొనలో నిలిచేవాడు మొనగాడు. తెరమీద పాటలు పాడేవాడికి ఆ పేరు తర్వాత వచ్చింది. పక్కింటివాళ్లను చూడు. కన్నడంలో మొనె, మొనెగార ఉన్నాయి. తమిళ పత్రికలు ఈ రోజుకీ యుద్ధ వార్తల్లో ‘పోర్‌మునై’ అనే రాస్తాయి. వాళ్లు దాచుకున్నారు, మనం పారేసుకున్నాం. ‘మోహరింపు’ ఒక్కటీ ఎలాగో మిగిలింది. మోహరం అంటే బారులు తీరిన సేన. మొగ్గరం అంటే వ్యూహమని నేటి పిల్లవాడికి చెబితే పూలమొగ్గ అనుకుంటాడు.

మీ కడపలోనే బ్రౌన్ గ్రంథాలయం ఉంది. 1852 నాటి ఆయన నిఘంటువు అక్కడ దొరక్కుండా ఉండదు. ఒక మధ్యాహ్నం వెళ్లి ‘మ’ అక్షరం తిరగేయి, ఫోనులో వెతకడం కన్నా మేలు.

తాడిపత్రి సభ్యుడు:
ఫ్రంట్‌లైన్ అని రాస్తే సరిపోదా? అందరికీ అర్థమవుతుంది. రైలును ధూమశకటం అన్న రోజులు పోయాయి.

కడప డెస్కు:
అన్నా, అరువు మాట మీద నాకు పేచీ లేదు. ఫ్రంట్‌లైన్ అనే రాస్తాననుకోండి, అప్పుడైనా అందులో లైన్ ఉంది కదా. నా తగువు ఆ గీతతోనే. పైగా 2020లో కరోనా వచ్చినప్పుడు ఆశా కార్యకర్తల నుంచి పారిశుద్ధ్య సిబ్బంది దాకా అందరినీ ఫ్రంట్‌లైన్ అనేశాం, ఆ మాట అప్పుడే పలచబడింది.

పంతులుగారూ, మొన చాలా నచ్చింది. ఆ కుందేలు చెవులు అచ్చంగా మొనలే. కానీ నల్లసముద్రం వైపు నుంచి ఖార్కివ్ దాకా సుమారు వెయ్యి కిలోమీటర్ల పొడవున సాగే అంచు మొత్తాన్ని మొన అనగలమా? మొన అనగానే పొడుచుకొచ్చిన కొస గుర్తొస్తుంది. అక్కడి సైనికులు తమలో తాము ఆ చోటును ‘నుల్’ అంటారు, అంటే సున్నా. ‘సున్నా మీద ఉన్నాను’ అంటే ఎదుటివాడికీ తనకూ మధ్య ఇంకెవరూ లేరని.

అనంతపురం గొలుసు:
నేను భాషావేత్తను కాను. ముప్పై ఏళ్లు భూముల సర్వేలో గొలుసు లాగినవాడిని. మీ మాటలన్నీ చదివాక ఒకటి అడగాలనిపించింది. ఆ గీతను గీసేవాడు ఎక్కడ కూర్చుని గీస్తున్నాడు? మేము గీత గీయాలంటే ఆ చేలో నిలబడాలి, రాయి కనబడాలి, పక్క రైతు ఒప్పుకోవాలి. మరి ఆ పటాల వాళ్లు?

కడప డెస్కు:
అడిగారు కాబట్టి కాస్త పొడుగ్గా చెబుతాను, ఇది నాకు ఇష్టమైన విషయం.

గీసేవాళ్లలో ఎక్కువమంది ఆ చేలో అడుగుపెట్టరు. డీప్‌స్టేట్‌కు సైన్యంలో తెలిసినవాళ్లు ఉన్నారు. వాషింగ్టన్‌లోని యుద్ధ అధ్యయన సంస్థ, అదే ఐ.ఎస్.డబ్ల్యు., బహిరంగంగా దొరికే ఆధారాల మీదే రోజూ పటం వేస్తుంది. ఒక సైనికుడు గోడ పక్కన జెండా పట్టుకుని నిలబడిన వీడియో వస్తుంది. అందులో విరిగిన నీళ్ల ట్యాంకు, రెండు కరెంటు స్తంభాలు, వంపు తిరిగిన చెట్ల వరుస కనబడతాయి. వాటిని ఉపగ్రహ చిత్రంతో సరిపోల్చి ఇది ఫలానా ఊరి ఫలానా వీధి అని తేలుస్తారు. ఆ దేశంలో పొలాల మధ్య గాలికి అడ్డుగా సోవియట్ కాలంలో నాటిన చెట్ల వరుసలు మైళ్ల పొడవున ఉన్నాయి. మనకు చేల గట్ల వెంట కిత్తనార పొదలు ఉన్నట్టు అనుకోండి. తలదాచుకునే చోటు అదొక్కటే, అందుకే పోరు ఆ వరుసల వెంటే సాగుతుంది.

ఇంకొకటి, నాసా వాళ్ల మంటల పటం. ఉపగ్రహం నేల మీది వేడిని చూసి ఎర్ర చుక్క పెడుతుంది. ఫిరంగులు మోగిన చోట చుక్కలు గుమిగూడుతాయి. కానీ ఆ చుక్క ఒక్కొక్కటీ సుమారు 375 మీటర్ల గడి. అందులో కాలింది ట్యాంకా, గోధుమ కొయ్యకాళ్లా అన్నది అది చెప్పదు. ఎండాకాలంలో అదే పటంలో మన నల్లమలను చూడండి, అక్కడా యుద్ధమేదో జరుగుతున్నట్టే ఉంటుంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు డ్రోనులు. మొదటి ప్రపంచయుద్ధంలో కందకానికి ఎదురుగా కందకం ఉండేది, గీత గీస్తే నిలిచేది. ఇప్పుడు ఇరువైపులా పది పదిహేను కిలోమీటర్ల లోతున పట్టపగలు మనిషి నడిస్తే పైనుంచి కనబడతాడు. అందుకని ఎవరూ బారులు తీరి నిలబడరు. ఇద్దరు ఇక్కడ నేలమాళిగలో, ముగ్గురు అరమైలు అవతల చెట్ల కింద. మధ్యలో ఎవరూ ఉండరు. ఎదుటివాళ్లు ఆ ఖాళీలోంచి దూరి వెనక్కి వచ్చేస్తారు. ఎవరి ముందు ఎవరున్నారో, ఎవరి వెనక ఎవరున్నారో వాళ్లకే తెలియదు. అలాంటి చోటును ఆ పటాల్లో బూడిదరంగుతో నింపి ‘గ్రే జోన్’ అంటున్నారు. దీనికీ నాకు తెలుగు కావాలి. ‘బూడిద మండలం’ అని ఒక సహోద్యోగి రాశాడు, ఊరు కాలి బూడిదైపోయిందనుకున్నారు జనం.

తాడిపత్రి సభ్యుడు:
ఎవరిదీ కాని నేల అంటే పోరంబోకే కదా!

అనంతపురం గొలుసు:
నవ్వొచ్చింది గానీ కాదు తమ్ముడూ. పోరంబోకు అంటే ప్రభుత్వానిదని తేలిన నేల. దాని సంగతి స్పష్టం. డెస్కు తమ్ముడు చెప్పేది తేలని నేల. దానికి మా శాఖలో వందేళ్ల నాటి మాట ఉంది: చుక్కల భూమి. బ్రిటిష్ కాలంలో రీసెటిల్‌మెంటు రిజిస్టరు రాసినవాడికి, ఒక సర్వే నంబరు ప్రభుత్వానిదో పట్టాదారుదో తెలియకపోతే, యజమాని గడిలో పేరు రాయకుండా చుక్కలు పెట్టి వదిలేశాడు. ఆ చుక్కల వల్ల రాయలసీమలో ఎన్ని కుటుంబాలు భూమి దున్నుకుంటూ కూడా అమ్ముకోలేక, అప్పు పుట్టక కార్యాలయాల చుట్టూ తిరిగాయో నేను కళ్లారా చూశాను. చివరికి 2017లో దానికోసమే ఒక చట్టం తేవలసి వచ్చింది.

ఆ రోజుల్లో ఆ గుమస్తాను తిట్టుకునేవాళ్లం. ఇప్పుడు మీ కథ విన్నాక వాడి మీద కొంచెం గౌరవం కలుగుతోంది. తెలియని చోట పేరు రాయలేదు. మీరూ ఆ రాత్రి పది కిలోమీటర్ల గీత గీయకుండా చుక్కలు పెట్టి ఉంటే ఆ ఫోను వచ్చేది కాదు.

కర్నూలు పంతులు:
ఆహా. గ్రే జోన్‌కు చుక్కల నేల. కోస్తాలో, తెలంగాణలో కూడా అర్థమవుతుందా అని ఒక్క అనుమానం. అయినా పటంలో నిజంగానే చుక్కలతో నింపి చూపితే చాలు, మాట దానంతట అదే అతుక్కుంటుంది.

కళ్యాణదుర్గం శనక్కాయ:
రెండు రోజులుగా చదువుతున్నాను, నా మాట కూడా వినండి. మేము చేలో రోజూ చూసేది ఇదే. మునుము.

తెలియనివాళ్ల కోసం: వేరుశనగ చేలో కలుపు తీయడానికి పది పన్నెండు మంది చేనుకు అడ్డంగా వరుసగా కూర్చుంటారు. ఒక్కొక్కరికి కొన్ని సాళ్లు. అందరూ కలిసి ముందుకు జరుగుతారు. ఆ జరిగే అంచే మునుము. వెనక శుభ్రమైన చేను, ముందర కలుపు ఉన్న చేను. అది ఎప్పుడూ తిన్నగా ఉండదు. చెయ్యి చురుకైనామె నాలుగు బారలు ముందుకు పోతుంది, పంతులుగారి మొన అక్కడ లేస్తుంది. బిడ్డకు పాలివ్వడానికి లేచినామె సాళ్లు వెనకబడతాయి, అక్కడ గుంట పడుతుంది. పక్కామె చెయ్యి చాచి ఆ సాలు కూడా లాగేసి మునుము సరిచేస్తుంది.

ఇంకో సంగతి. ఎవరో ఒకామె చేను అవతలి గట్టు దాకా నడిచిపోయి నాలుగు మొక్కలు పీకి వచ్చిందనుకోండి. మునుము అక్కడి దాకా వచ్చిందని మేస్త్రీ లెక్క వేస్తాడా? చచ్చినా వేయడు. నడుమ ఉన్నదంతా తీసినప్పుడే మునుము జరిగినట్టు. మీ దొబ్రొపిల్లియా వార్తకు ఈ ఒక్క మాట చాలు: ‘మనుషులు దూరారు, మునుము జరగలేదు’.

కడప డెస్కు:
అన్నా, లేచి నిలబడి చప్పట్లు కొట్టాను, ఇంట్లోవాళ్లు చూసి నవ్వారు. మూడేళ్లుగా నేను పేరాలు పేరాలు రాసి చెప్పలేని తేడాను ఒక్క వాక్యంలో చెప్పారు. చొరబాటు వేరు, అధీనం వేరు.

కర్నూలు పంతులు:
మొన, మునుము రెండింటిలోనూ ‘ముందు’ అనే భావం ఉంది. ‘మున్’ను తవ్వుకుంటూ పోతే ఒకే ఊటకు చేరతామేమో అనిపిస్తుంది. తొందరపడి తేల్చను గానీ, ఆ ఆలోచనతో రాత్రి నిద్ర పట్టలేదు.

పులివెందుల సభ్యురాలు:
నాకు ఇది నచ్చలేదు. చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

మా అమ్మ నలభై ఏళ్లు మునుములో కూర్చుంది. ఆ మాట వింటే నాకు ఆమె మోకాళ్లు, పాటలు, మధ్యాహ్నం సద్దిమూటలు గుర్తొస్తాయి. దాన్ని తీసుకెళ్లి మనుషులు చచ్చే చోటికి పేరుగా పెడతారా? సెంటిమెంటు అని కొట్టిపారేయకండి, అర్థంలో కూడా దోషం ఉంది. మునుము ఒకవైపుకే పోతుంది. కలుపు ఎదురు తిరిగి మనుషులను వెనక్కి నెట్టదు. మీ యుద్ధంలో అలా కాదు కదా. 2022 సెప్టెంబరులో ఖార్కివ్ దగ్గర కొద్ది రోజుల్లోనే రష్యన్లు వెనక్కి పరుగెత్తారు, నవంబరులో ఖెర్సోన్ నగరం వదిలి నది దాటిపోయారు. తర్వాత బఖ్ముత్, అవ్దీవ్కా రష్యా చేతికి పోయాయి. రెండువైపుల నుంచీ నెట్టుకునే అంచును మునుము అంటే, ఎదుటివాళ్లను కలుపు మొక్కలు అన్నట్టే. ఎవరిని కలుపు అంటారు మీరు? పత్రిక ఒక పక్షం తీసుకున్నట్టు కాదా?

కళ్యాణదుర్గం శనక్కాయ:
అక్కా, ఆ కోణం నాకు తట్టలేదు. నేను ఆకారం గురించే అన్నాను, కలుపు గురించి కాదు. కానీ మాట వెంట కలుపూ వస్తుందన్నది నిజమే.

కర్నూలు పంతులు:
అమ్మాయీ, దోషం సరిగ్గా పట్టుకున్నావు. సెంటిమెంటు సంగతికి మాత్రం ఒక్క ముక్క. యుద్ధం మాటలు మన ఇళ్లలోకి ఎప్పుడో వచ్చి కూర్చున్నాయి. పాళెం అంటే దండు విడిది, ఈ రోజు ఎన్ని ఊళ్ల పేర్ల చివర ఉందో చూడు. హిందీవాళ్లు యుద్ధంలో ఫ్రంటును ‘మోర్చా’ అంటారు, అదే మోర్చా మన దగ్గర కలెక్టరేటు ముందు షామియానా వేసుకుని కూర్చుంది. అటునుంచి ఇటు వచ్చినప్పుడు మనం ఏమీ అనలేదు.

పులివెందుల సభ్యురాలు:
యుద్ధం మాట చేలోకి వస్తే చల్లబడుతుంది సార్. చేలో మాట యుద్ధంలోకి పోతే అక్కడి నెత్తురు దానికి అంటుకుంటుంది. రెండూ ఒకటి కాదు.

కడప డెస్కు:
అక్క మాటకు నా దగ్గర ఎదురు లేదు. మునుమును శీర్షికల్లో వాడను. ఈ రాత్రి నుంచి నేను చేయబోయేది ఇది: పొడుచుకొచ్చిన ముక్కకు మొన. తేలని చోటుకు చుక్కల నేల, పక్కన చిన్న పటం. ‘వశం’ అనే మాట ఇరుపక్షాలూ ఒప్పుకున్నప్పుడో, వీడియోలు, ఉపగ్రహ చిత్రాలు కలిసి చెప్పినప్పుడో మాత్రమే. ఒకే పక్షం చెబితే ‘తమ వశమైందని ప్రకటించుకుంది’. మొత్తం అంచుకు మాత్రం ఇంకా మాట దొరకలేదు. మీకెవరికైనా తడితే రాయండి.

కడప డెస్కు:
మర్నాటి సంగతి. లోపలి పేజీలో ‘చుక్కల నేల’ అలాగే వచ్చింది, ఎవరూ మార్చలేదు. శీర్షికలో మొన అని పెట్టాను. పేజీ పెట్టే అబ్బాయి అది అచ్చుతప్పు అనుకుని ‘మొన్న’ అని సరిదిద్దాడు.

కర్నూలు పంతులు:
శివశివా.