మూడో తరగతి పిల్లవాడికి రోజూ మూడు గంటల హోంవర్క్: బడిలో అడగవచ్చా?

ప్రశ్న
మా అబ్బాయి హైదరాబాదులో ఒక ప్రైవేటు పాఠశాలలో మూడో తరగతి చదువుతున్నాడు. నాలుగున్నరకు బస్సు దిగేసరికే వాడి ఒంట్లో ఓపిక ఉండదు. కాసేపు ఆడుకున్నాక కూర్చోబెడితే, డైరీలో రాసి పంపిన తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, ఈవీఎస్ పనులన్నీ ముగిసేసరికి ఎనిమిదిన్నర దాటుతోంది. శనివారం ప్రాజెక్టు వర్క్ ఇస్తారు గాని, థర్మాకోల్‌తో గ్రహాలు చేసేది నేను, చార్టుకు బొమ్మలు అంటించేది వాళ్ళ నాన్న. 2020 నాటి కేంద్ర స్కూల్ బ్యాగ్ విధానంలో రెండో తరగతి వరకు హోంవర్క్ వద్దని, 3 నుంచి 5 తరగతులకు వారానికి 2 గంటలు మించరాదని ఉంది. మాకు ఒక్క రోజులోనే అంతకు మించుతోంది. ఈ మాట బడిలో ఎత్తితే పిల్లవాడి మీద ఏమైనా పడుతుందేమోనని జంకుతున్నాను.

జవాబు 1
నేను ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. ఏ టీచరూ మూడు గంటల పని ఇస్తున్నాననుకోరు. నేను ఇచ్చేది ఇరవై నిమిషాల పనే అనుకుంటాను, తక్కిన సబ్జెక్టుల వాళ్ళూ అలాగే అనుకుంటారు. పైగా చురుకైన పిల్లలు చేసే వేగాన్ని బట్టి లెక్క వేస్తాం. మొత్తం ఎంతవుతుందో చూసే మనిషి బడిలో ఉండరు. పైగా, నోటు పుస్తకం ఖాళీగా కనబడితే ఫీజు ఎందుకు కడుతున్నామని అడిగేదీ తల్లిదండ్రులే. మీరు ఫిర్యాదులా కాకుండా, ఒక వారం పాటు ఏ పనికి ఎంతసేపు పట్టిందో డైరీలోనే రాసి సంతకం పెట్టండి. ఆ కాగితం చూశాక క్లాస్ టీచరు మిగతా వారితో మాట్లాడక తప్పదు.

జవాబు 2
విధానాన్ని చూపి వాదిస్తే పని జరుగుతుందని నేను అనుకోను. 1993లో, పిల్లల మీద చదువు బరువు తగ్గించేందుకు కేంద్రం వేసిన యశ్‌పాల్ కమిటీ చిన్న తరగతులకు ఇంటిపని తగదని చెప్పింది. 2018లో మద్రాసు హైకోర్టు సీబీఎస్ఈ బడుల్లో 1, 2 తరగతులకు హోంవర్క్ ఇవ్వరాదంది. ఇన్నేళ్ళ తరువాతా మీరు ఇదే ప్రశ్న అడుగుతున్నారంటే, పర్యవేక్షణ లేని ఆదేశం ఫైలు దాటి బయటకు రాలేదన్నమాట.

జవాబు 3
మాది మండల కేంద్రానికి దూరంగా ఉన్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. మా పిల్లల తల్లిదండ్రులు చీకటి పడ్డాక కూలి నుంచి వస్తారు, చాలామందికి చదువు రాదు. అందువల్ల పెద్దల సాయం లేనిదే పూర్తికాని పని ఇవ్వడమంటే, ఆ సాయం దొరకని పిల్లవాడిని మరునాడు అందరి ముందు నిలబెట్టడమే. అయినా హోంవర్క్ పూర్తిగా ఎత్తివేయమంటే ఒప్పుకోను. అమెరికాలో హారిస్ కూపర్ అనే పరిశోధకుడి బృందం 1987 నుంచి 2003 వరకు వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి 2006లో ప్రకటించిన సమీక్షలో, హోంవర్క్‌కూ మార్కులకూ ఉన్న సంబంధం పై తరగతుల్లో బలంగా, కింది తరగతుల్లో బలహీనంగా కనిపించింది. నేను ఇచ్చేది ఒక్కటే: చదివిన పాఠంలో ఒక పేజీ ఇంట్లో ఎవరికైనా పైకి చదివి వినిపించాలి. చదువు రాని నాయనమ్మకైనా సరే, ఆమె కథ అడుగుతుంది కదా.

ప్రశ్న అడిగినవారు
అందరికీ ధన్యవాదాలు. నిన్నటి నుంచి డైరీలో సమయం రాస్తున్నాను. తెలుగు కాపీ రైటింగ్‌కే 55 నిమిషాలు పట్టింది. అందులో సగం సేపు రబ్బరుతో చెరిపించి మళ్ళీ రాయించింది నేనేనని రాసేటప్పుడే గమనించాను.