గోడ మీద నుంచి ఫోటోలు తీసేసిన తీరు మీకు సబబుగా అనిపించిందా?

ప్రశ్న (నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట)

‘ది సెప్టెంబర్ ఇష్యూ’ అనే డాక్యుమెంటరీ చూసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? అమెరికా ‘వోగ్’ పత్రిక 2007 సెప్టెంబరు సంచికను ఎలా తయారు చేశారో చూపించే సినిమా. ఆర్.జె. కట్లర్ తీశారు, 2009లో వచ్చింది. నేను జాకెట్లకు మగ్గం పని చేస్తాను. నా దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయిలు చూడమంటే చూశాను. చూసినప్పటి నుంచి మనసులో ఒకటే మెదులుతోంది.

ఆ సినిమా అనగానే అందరూ ఆ పత్రిక అప్పటి సంపాదకురాలు అన్నా వింటూర్ గురించే మాట్లాడతారు. నల్లకళ్లద్దాలు, పొదుపు మాటలు, ఎదుటివాళ్లను నిలబెట్టేసే చూపు. నాకు మాత్రం అది గ్రేస్ కాడింగ్టన్ సినిమాయే, అప్పట్లో ఆ పత్రిక క్రియేటివ్ డైరెక్టర్. వేల్స్ నుంచి వచ్చిన ఆవిడ, ఒకప్పటి మోడల్. కారు ప్రమాదంలో కనురెప్ప దెబ్బతిన్న మనిషి. ఎర్రటి జుట్టు విరబోసుకుని, నల్లబట్టల్లో, ఏ అలంకారమూ లేకుండా తిరుగుతూ మోడళ్ల ఒంటి మీద బట్ట మడతలు తన చేత్తో సర్దుతుంటుంది. ఫోటోగ్రాఫర్ నార్మన్ పార్కిన్సన్ తనకు కారులో నిద్రపోవద్దని, కిటికీలోంచి చూస్తూనే ఉండమని నేర్పాడని చెబుతుంది. అక్కడే ఆవిడ నాకు దగ్గరైపోయింది.

1920ల నాటి వేషాలతో ఆవిడ చేయించిన ఫోటోలు గుర్తున్నాయా? స్టీవెన్ మైజెల్ తీసినవి. పేజీలను చిన్న సైజులో ముద్రించి గోడ మీద వరసగా అమర్చి పెట్టుకుంటారు. అన్నా వచ్చి చూస్తుంది. తర్వాత చూసుకుంటే కొన్ని ఉండవు. గ్రేస్ ముఖం చూడలేకపోయాను.

మా పనిలో ముందు డిజైన్‌ను ట్రేసింగ్ కాగితం మీద గీస్తాం. గీత వెంబడే సూదితో సన్నసన్నగా పొడుచుకుంటూ పోతాం. ఆ కాగితాన్ని గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన పొడిని దూదితో రుద్దితే డిజైన్ చుక్కలు చుక్కలుగా దిగుతుంది. అప్పుడు ఫ్రేముకు బిగించి, మొనకు కొక్కెం ఉండే ఆరీ సూది పట్టుకోవాలి. సొంతంగా పెట్టుకోక ముందు నేను ఒక బొటిక్‌లో పనిచేశాను. వీపు మీదకు ఒక నెమలి వేసి, మెడ వంపును పూసలు లేకుండా మూడు నీలం ఛాయల దారంతోనే నింపాను. యజమానురాలు చూసి, వద్దని పక్కన పెట్టేశారు. రంగు నచ్చలేదా, పూసలు లేకపోతే ధర రాదనా? ఆవిడ చెప్పలేదు, అడిగే చనువు నాకు లేదు.

తీసేసే హక్కు పైవాళ్లది, కాదనను. కానీ ఎందుకు తీశారో ఒక్క మాట చెప్పాల్సిన బాధ్యత వాళ్లకు లేదా?

జవాబు (ఒంగోలు)

అమ్మా, నేను బ్రోమైడ్ (అక్షరాలు అచ్చయిన ఫోటో కాగితం) ముక్కలు కత్తిరించి అతికించే రోజుల నుంచి కంప్యూటర్ దాకా ఒక పత్రికలో పేజీలు పెట్టాను. మీ బాధ నాకు అర్థమైంది. అయినా నేను అన్నా వైపే ఉంటాను.

ఆ సంచిక మొత్తం 840 పేజీలు. అందులో 727 ప్రకటనలే. అంటే ఇంతమంది పరుగులు పెట్టింది మిగిలిన 113 పేజీల కోసం. ఈ లెక్క తెలిస్తే ఆ గదిలోని బిగువు ఇంకోలా కనిపిస్తుంది. మా జిల్లా టాబ్లాయిడ్‌లో రాత్రి తొమ్మిదింటికి పావు పేజీ ప్రకటన వచ్చేది. డమ్మీ, అంటే పేజీలో ఏది ఎక్కడో చూపే నమూనా, అంతా తిరగరాయాలి. ఏదో ఒక వార్త పోవాలి. చీమకుర్తి నుంచి విలేకరి ఎండలో తిరిగి పంపిన వార్త కూడా అలాగే పోయేది. అతనికి ఫోన్ చేసి కారణం చెబుతూ కూర్చుంటే పేజీ ప్రెస్సుకు వెళ్లదు. పేజీ ఆలస్యమైతే కట్టలు బస్సుకు అందవు.

ఇంకొకటి. ఒక్కో ఫోటో విడిగా బాగానే ఉంటుంది, పక్క పేజీతో కలిపి చూసినప్పుడు నిలవదు. ఆ చూపు ఒక్కరికే ఉండాలి. నలుగురిని అడిగి పెట్టిన పేజీ ఎప్పుడూ బాగా రాలేదు, ఇది నా అనుభవం. రోమ్‌లో నటి సియెన్నా మిల్లర్‌తో ముఖచిత్రం తీసిన మారియో టెస్టినో కొలోసియం దగ్గర ఫోటోలు లేకుండానే వస్తాడు చూడండి. అంత పేరున్న ఫోటోగ్రాఫర్ తెచ్చిన వాటిలోంచే అన్నా సంచికను నిలబెట్టుకోవాలి. ఆ భారం గ్రేస్‌ మీద లేదు.

జవాబు (కావలి)

నాకు బాగా నచ్చింది కెమెరామన్ బాబ్ రిచ్‌మన్ ఘట్టం. రంగురంగుల బట్టల ఫోటోలు అన్నాకు నచ్చక మళ్లీ తీయాల్సి వస్తుంది. వ్యవధి లేదు. అప్పుడు గ్రేస్ ఈ డాక్యుమెంటరీ తీస్తున్న మనిషినే ఫోటోలోకి లాగి మోడల్‌తో పాటు ఎగరమంటుంది. అన్నా అతని పొట్ట మీద వ్యాఖ్య చేస్తుంది. ఆ పొట్టను కంప్యూటర్‌లో తగ్గించవద్దని గ్రేస్ వెంటనే ఫోన్ చేసి ఆపుతుంది. అందరినీ చెక్కిన బొమ్మల్లా చూపించే పత్రికలో ఒక మామూలు మనిషి మామూలుగా ఉండిపోయాడు. సండాన్స్ ఉత్సవంలో ఈ సినిమాకు ఛాయాగ్రహణ బహుమతి అందుకున్నది కూడా ఆయనే.

జవాబు (పాటూరు, కోవూరు దగ్గర)

అక్కా, మీరు గ్రేస్ గురించి బాధపడుతున్నారు. నాకు ఆ సినిమాలో అసలు కనిపించని వాళ్ల గురించి బాధ. నాన్న గుంట మగ్గం మీద చీరలు నేసేవారు. పడుగు (నిలువు పోగులు) అయిపోయినప్పుడు అమ్మ వేళ్లకు బూడిద అద్దుకుని, పాత పోగుకు కొత్త పోగును ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతికేది. ఒక పోగు తప్పితే చీర పొడవునా గీత పడుతుంది. అది చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి ఏ బట్ట కనిపించినా ముందు నేత చూస్తాను.

గంటన్నర సినిమాలో గౌన్లను హ్యాంగర్ల మీద వరసలుగా తోసుకుంటూ వెళ్తారు, ఇది కావాలి, అది వద్దు అంటారు. ఆ గుడ్డ ఎవరు నేశారు, ఆ పూసలు ఎవరు కుట్టారు అని ఎవరూ అడగరు. థాకూన్ అనే కుర్ర డిజైనర్‌కు అవకాశం దొరికిన భాగం ఎంతో బాగుంది, నిజమే. కానీ డిజైనర్ దగ్గరే కథ ఆగిపోతుంది. కారణం చెప్పాలి అంటున్నారు కదా, గ్రేస్‌కు కనీసం కోపం తెచ్చుకోవడానికి ఒక గది, వినడానికి ఒక కెమెరా ఉన్నాయి.

ప్రశ్న అడిగినావిడ

పెద్దవారు చెప్పిన 727 పేజీల లెక్క చదివాక ఆ గది హడావిడి నాకు ఇంకాస్త తెలిసింది. కానీ సమయం లేదనే మాట నేను ఒప్పుకోను. మీ టాబ్లాయిడ్‌కు ఒక రాత్రే గడువు, వాళ్లకు నెలలున్నాయి. మీ చీమకుర్తి విలేకరికి మర్నాడు చెప్పినా సరిపోయేది, స్థలం చాలక పోయిందో వార్త బలహీనమై పోయిందో తెలిసేది. రెండూ ఒకటి కాదు. రెండోది అయితే అతను తర్వాతి వార్త మెరుగ్గా రాసుకుంటాడు. 1988 నుంచి ఒకే చోట పనిచేస్తూ వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు ఆ మాట ఒకరితో ఒకరు అనుకోకపోవడమే నాకు మింగుడుపడలేదు. మా అమ్మాయిల కుట్టు విప్పించాల్సి వచ్చినప్పుడు ఫ్రేము దగ్గర కూర్చుని, దారం ఎక్కడ వదులైందో వేలు పెట్టి చూపిస్తాను. అందుకు పెద్ద సమయమేమీ పట్టదు.

పాటూరు చెల్లీ, నువ్వన్నది సినిమా చూస్తున్నంతసేపూ నాకు తట్టలేదు, ఇప్పుడు మళ్లీ చూడాలని ఉంది. ఒక సాయం చేయాలి. పట్టు చీరల నుంచి తీసిన జాకెట్టు ముక్క మీద జరీ అంచు దగ్గర ఆరీ సూది దించితే పోగు లేచి వస్తోంది. కింద లైనింగ్ వేసి బిగించినా ఆగడం లేదు. నేత తెలిసినవాళ్లయితే సూది ఏ వైపు నుంచి దించమంటారో మీ నాన్నగారిని అడిగి చెప్పగలవా?