చర్చ: శాన్ సిరోను కూల్చడం తప్పదా?

మిలనో_మురళి
2025 సెప్టెంబరు ఆఖర్లో మిలాన్ నగర మండలి 24–20 ఓట్లతో శాన్ సిరో ఫుట్‌బాల్ స్టేడియాన్ని, చుట్టుపక్కల స్థలాన్ని అక్కడే ఆడే ఏసీ మిలాన్, ఇంటర్ క్లబ్బులకు అమ్మేందుకు ఒప్పుకుంది. ధర 19.7 కోట్ల యూరోలు. నవంబరు 5న సంతకాలు కూడా అయిపోయాయి. ఇక పక్కనే 71,500 సీట్లతో కొత్తది కడతారు, పాతదాంట్లో చిన్న ముక్క మినహా కూల్చేస్తారు. నా దృష్టిలో ఇది శుద్ధ దండగ. స్పెయిన్ క్లబ్బు రియల్ మాడ్రిడ్ తన బెర్నబేయూ స్టేడియాన్ని ఉన్నచోటే ఉంచి పైకప్పు, లోపలి హంగులు, మడతపడి భూగర్భంలోకి దిగే మైదానం అన్నీ సమకూర్చుకుంది. మిలాన్‌కు ఎందుకు కుదరదు?

కాంక్రీట్_కిరణ్
మురళి గారూ, బెర్నబేయూ ఉదాహరణలో ఒక కీలకమైన విషయం వదిలేశారు. పని మొదలైంది 2019లో. మరుసటి ఏడాది కోవిడ్ వచ్చింది, ప్రేక్షకులే లేరు. 2020–21 సీజన్‌లో రియల్ తన శిక్షణ కేంద్రంలోని చిన్న ఆల్ఫ్రెడో డి స్టెఫానో మైదానంలో ఆడేసుకుంది. ఆ వెసులుబాటు మళ్లీ దొరకదు. పైగా అక్కడ ఒక్కటే క్లబ్బు. శాన్ సిరోలో ఇద్దరు. లీగ్ మ్యాచ్‌లే సీజన్‌కు 38, కప్పులు, యూరప్ మ్యాచ్‌లు కలిపితే 50 చుట్టూ. రెండు మ్యాచ్‌ల మధ్య మూడు నాలుగు రోజులే దొరికితే క్రేన్ ఎక్కడ నిలబెడతారు?

సరే, ఇద్దరినీ బయటికి పంపుదామంటే ఎక్కడికి? బెర్గామోలో అటలాంటా మైదానం సుమారు 25,000. టూరిన్‌లో యువెంటస్‌ది 41,000. ఇంటర్ సీజన్ టికెట్ల వాళ్లే అందులో సరిపోరు. బార్సిలోనాను చూడండి: సొంత స్టేడియం బాగుచేయడానికి 2023లో మోంట్‌జూయిక్ కొండ మీది స్టేడియంకి వెళ్లింది, 2024 నవంబరులో తిరిగొస్తామంది, వచ్చింది 2025 నవంబరులో. అదీ సగం స్టేడియంతోనే.

నెరజ్జుర్రి_నాని
గడ్డి సంగతి ఎవరూ ఎత్తలేదేం? 1990 ప్రపంచ కప్‌కని మూడో అంతస్తు, పైకప్పు వేశారు. అప్పటినుంచి మైదానానికి ఎండ తగలడం లేదు, గాలి ఆడడం లేదు. ఆ రెండూ లేకపోతే గడ్డి వేళ్లు లోతుకు దిగవు, స్లైడింగ్ ట్యాకిల్ వేస్తే పచ్చిక చాపలా లేచి వచ్చేస్తుంది. 90లలో ఏడాదిలోనే చాలాసార్లు పచ్చిక మార్చాల్సి వచ్చింది. 2012లో సహజ గడ్డిలో కృత్రిమ పీచు కలిపిన హైబ్రిడ్ మైదానం వేశాకే కాస్త కుదుటపడింది. సీట్లు మార్చినా, పెయింట్ వేసినా ఈ సమస్య తీరదు. ఎత్తు తగ్గాలి, లేదా గాలికి దారి వదలాలి.

మిలనో_మురళి
అదే నేనూ అంటున్నాను నానీ! మూడో అంతస్తే దోషమైతే దాన్నే తీసేయండి. అది పాత కట్టడం మీద నిలబడలేదు. 11 గుండ్రటి టవర్లు బయటినుంచి మోస్తున్నాయి. అందులో మూలల్లోని నాలుగు పైకి పెరిగి పైకప్పు ఎర్ర గర్డర్లను పట్టుకున్నాయి. తూర్పు వైపు మూడో అంతస్తే లేదు, అక్కడ గుర్రప్పందేల మైదానం అడ్డొచ్చింది కాబట్టి. అంటే ఒకవైపు ఎలా ఉంటుందో నమూనా ఇప్పటికే కళ్లముందుంది.

కాంక్రీట్_కిరణ్
కట్టడం విడిగానే ఉంది, నిజమే. కానీ మూడో అంతస్తు తీస్తే 75,800 సీట్లలో ఎన్ని మిగులుతాయి? క్లబ్బులు 70 వేలకు తగ్గేదే లేదంటున్నాయి. లోటు పూడ్చాలంటే కింది వరుసలను తిరగేయాలి. మొదటి అంతస్తు 1926 నాటి నాలుగు విడి స్టాండ్లను 1939లో మూలల దగ్గర కలిపితే వచ్చింది. దాని చుట్టూ, దాని మీదుగా 1955లో రెండో అంతస్తు, బయట ఆ వాలు ర్యాంపులు. శాన్ సిరో ముఖం అంటే ఆ ర్యాంపులే! హాస్పిటాలిటీ బాక్సులకు (ఖరీదైన టికెట్ల వాళ్ల ప్రత్యేక గదులకు), వంటగదులకు, లిఫ్టులకు చోటు కావాలంటే వాటి వెనకనే తవ్వాలి. అంటే దేన్ని కాపాడాలనుకుంటున్నారో దాన్నే ముందు కోయాలి. ఇదీ అసలు చిక్కు. వీబిల్డ్ అనే నిర్మాణ సంస్థ ఆటలు ఆగకుండా బాగుచేసే ప్రతిపాదన ఇచ్చినా, 2024లో క్లబ్బులు ఖర్చు ఎక్కువని పక్కనపెట్టేశాయి.

గుంటూరు_గూనర్
క్లబ్బులు ‘ఖర్చు ఎక్కువ’ అన్నాయంటే లాభం తక్కువ అని చదువుకోవాలి కిరణ్ అన్నా. స్టేడియంతో పాటు స్థలం కూడా చేతికొచ్చింది, దాని మీద ఆఫీసులు, హోటళ్లు వస్తాయి. ఫుట్‌బాల్ కథ కంటే రియల్ ఎస్టేట్ కథే ఇందులో ఎక్కువ.

మధ్యేమార్గం మా లండన్ క్లబ్బు ఆర్సెనల్ చేసి చూపించింది. 2006లో పాత స్టేడియం హైబరీ వదిలి దగ్గర్లోనే కొత్తగా కట్టిన ఎమిరేట్స్‌కు మారింది. 38 వేల సీట్లనుంచి 60 వేలకు. హైబరీ తూర్పు స్టాండ్ వారసత్వ కట్టడం కాబట్టి దాని ముఖభాగం ఉంచి లోపల ఫ్లాట్లు కట్టారు. శాన్ సిరోకూ అలాంటిదే చేయొచ్చు.

నెరజ్జుర్రి_నాని
ఫ్లాట్ల పోలిక ఇక్కడ అతకదు గూనర్. హైబరీ స్టాండ్ ఒక భవనం, గోడలు కిటికీలు ఉన్నాయి. రెండో అంతస్తు ర్యాంపులు ఏటవాలు కాంక్రీటు పట్టీలు, వాటిలో ఎవరూ కాపురం ఉండలేరు. ఇక వారసత్వం మాట. ఇటలీలో ప్రభుత్వ ఆస్తికి 70 ఏళ్లు నిండితే కూల్చివేతకు అడ్డుపడే రక్షణ నిబంధన వర్తిస్తుంది. రెండో అంతస్తుకు అది 2025 నవంబరు 10న నిండేది. అమ్మకం సంతకాలు దానికి సరిగ్గా అయిదు రోజుల ముందు పడ్డాయి. ఇదేదో యాదృచ్ఛికమని మాత్రం చెప్పకండి.

మిలనో_మురళి
అదీ విషయం. సాంకేతికంగా కుదరదనే మాట నిజమైతే గడువుతో పరుగు పందెం ఎందుకు?

కాంక్రీట్_కిరణ్
గడువు పరుగు రాజకీయం, ఒప్పుకుంటా. దానివల్ల లెక్క మారదు. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ 2027 చాంపియన్స్ లీగ్ ఫైనల్‌ను శాన్ సిరోనుంచి తీసేసి మాడ్రిడ్‌కు ఇచ్చింది, ఆ సమయానికి పనులు ఉండవని నగరం హామీ ఇవ్వలేకపోయింది కాబట్టి. 2032 యూరో కప్‌ను ఇటలీ, తుర్కియే కలిసి నిర్వహిస్తున్నాయి, అప్పుడూ ఇదే తంటా రాకూడదు. పక్కన కొత్తది కడితే పాతదాంట్లో ఆట ఆగదు, ఆదాయం ఆగదు. క్లబ్బులు ఒప్పుకునే ఖర్చులో ఆ భరోసా మాత్రం ఏ మరమ్మతు ప్రణాళికా ఇవ్వలేదు.

అయితే గూనర్ అన్నదాంట్లో ఒక షరతు రాసుకోవాలి. మరో లండన్ క్లబ్బు టోటెన్‌హామ్ కొత్త స్టేడియం 2018 సెప్టెంబరులో తెరవాల్సింది, భద్రతా వ్యవస్థలు పూర్తికాక 2019 ఏప్రిల్‌కు పోయింది, ఈలోగా లండన్‌లోనే ఉన్న పెద్ద స్టేడియం వెంబ్లీలో ఆడారు. మిలాన్‌కు వెంబ్లీ లేదు. కాబట్టి కొత్తదాంట్లో పూర్తి సామర్థ్యంతో అనుమతి వచ్చేదాకా పాతదాని మీద సుత్తి పడకూడదని కూల్చివేత అనుమతిలోనే రాయించాలి.

గుంటూరు_గూనర్
అది రాయిస్తే నేనూ ఓటు మారుస్తా. మురళి?

మిలనో_మురళి
నేను మారను. ఆ ర్యాంపుల్లో ఎంత ముక్క, ఏ మూలది మిగులుతుందో డ్రాయింగ్ చూపించమనండి, అప్పుడు మాట్లాడదాం.