ఈ వారం సమస్య: “మూలమును వీడి నిలిచెను మూలమందె”

నిర్వాహకుడు, రాజమహేంద్రవరం:

మిత్రులందరికీ నమస్కారం. పోయిన వారం పద్యాల కింద మొదలైన సూపర్‌హీరోల తగువు ఇంకా చల్లారలేదు. సినిమావాళ్లు కామిక్స్‌ని పాడుచేశారని ఒక పక్షం, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు తెరకెక్కిస్తే సినిమా నడవదని ఇంకో పక్షం. అందరూ ఇష్టంతోనే పోట్లాడుతున్నారు కాబట్టి ఆ ఇష్టాన్ని పద్యంలో పెట్టమని ఈ సమస్య ఇస్తున్నాను. ఇచ్చిన పాదం చివరిది, పై మూడూ మీరు పూరించాలి.

ఛందస్సు తేటగీతి. వస్తువు కామిక్స్ వీరుడు, అతని సినిమా. పురాణం తెచ్చుకోవచ్చు, కాని పోలిక సినిమాకు అందాలి. వీడింది ఏమిటి, నిలిచింది ఏమిటి అన్న రెండూ పై మూడు పాదాల్లో తేలాలి. వీడి నిలవడమనే విరోధం అలాగే ఉండిపోతే అది పూరణ కాదు.

ఈ ప్రశ్న మన ఊరికి కొత్త కాదు. పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడు కోరితే నన్నయ భారతం మొదలుపెట్టింది ఇక్కడే. శ్లోకానికి పద్యం చొప్పున అప్పజెప్పలేదాయన. కొన్నిచోట్ల కుదించాడు, కొన్నిచోట్ల విస్తరించాడు, పద్యం పక్కన వచనం నడిపాడు. అది భారతం కాదని ఇన్నేళ్లలో మనమెవరం అనలేదు. కథ మార్చవచ్చా అని అడగడం కంటే, ఎంత మార్చినా ఏది మిగలాలి అని అడగడమే సరైనదని నా నమ్మకం. ఇక మీ పద్యాలు.

పాలకొల్లు అక్కయ్య:

చేతి యంత్రము తొలగించి చిత్రమందు
నరమె నూలుగ మార్చినన్ నష్టమేమి?
వెతను మోసెడు గుండెయో వేరు గాదు
మూలమును వీడి నిలిచెను మూలమందె

ఇది 2002లో వచ్చిన స్పైడర్‌మాన్ సినిమా గురించి. 1962లో తొలి కథ వచ్చినప్పుడు సాలెనూలు అతని ఒంట్లోంచి రాదు. జిగురు తనే తయారుచేసుకుని, దాన్ని చిమ్మే పరికరాలు మణికట్లకు కట్టుకుంటాడు. సినిమాలో నూలు మణికట్టులోంచే వస్తుంది. దొంగను పట్టుకోకుండా వదిలేయడం కామిక్స్‌లో టీవీ స్టూడియోలో జరిగితే సినిమాలో కుస్తీ పందెం దగ్గర జరుగుతుంది. చోటు మారింది. ఆ వదిలేసిన దొంగ చేతిలోనే తనను పెంచిన బెన్ పోవడం, ఆ తప్పు తనదేనని కుర్రాడు జీవితమంతా మోయడం మారలేదు.

అమలాపురం తమ్ముడు:

పద్యం బాగుందక్కా, కాని “నష్టమేమి” అంటే ఒప్పుకోలేను. నష్టం ఉంది. ఆ పరికరం పీటర్ తెలివికి గుర్తు, స్పైడర్‌మాన్ వేషం వెనకున్న కుర్రాడు అతనే. చేతిలో డబ్బుల్లేని కుర్రాడు సొంత బుర్రతో చేసుకున్న వస్తువు అది. దెబ్బలాట మధ్యలో జిగురు అయిపోతే ఎలాగన్న టెన్షన్ కామిక్స్‌లో ఎన్నిసార్లు వస్తుందో! అదంతా సినిమాలో ఎగిరిపోయింది.

పాలకొల్లు అక్కయ్య:

తెలివి సంగతి నిజమే తమ్ముడూ, అది నేనూ ఒప్పుకుంటాను. కాని ఆ సినిమాలో మేడమీద సీను మళ్లీ చూడు. నూలు ఎలా రప్పించాలో తెలియక చేతిని రకరకాలుగా తిప్పుతాడు, గుప్పిట మూస్తాడు, తెరుస్తాడు. చివరికి మధ్య రెండు వేళ్లు అరచేతిలోకి మడిస్తే వస్తుంది. కామిక్స్‌లో ఆ రెండు వేళ్లు పరికరం మీట నొక్కడానికి. సినిమాలో మీటే లేదు, అయినా ఆ ముద్ర ఉంచారు. చదివినవాడికి మర్యాద ఇవ్వడమంటే అదే. పైగా 2004లో కామిక్స్‌లోనే అతనికి ఒంట్లోంచి నూలు వచ్చేలా కథ రాశారు కదా.

నిర్వాహకుడు:

అక్కయ్య గారి యతులన్నీ సరిగ్గా ఉన్నాయి. “గుండెయో” అన్న ఓకారం పై రెండు పాదాలకు ఎదురు నిలబడింది. పూరణకు పట్టు అక్కడే దొరికింది. తమ్ముడి అభ్యంతరం పద్యం మీద కాదు, సినిమా మీద. అదీ గట్టిదే. “నష్టమేమి” అని కొట్టిపారేయకుండా, నష్టం ఉన్నా ఇది మిగిలిందని చెప్పి ఉంటే పద్యానికి ఇంకా బరువు వచ్చేది.

రావులపాలెం రైతు:

గట్టు దాటెను కాల్వలో గౌతమమ్మ
పిల్ల కాల్వకు పేరేది పెట్టి కొన్న
నీటిలో నొండ్రె కథయంత నిజము పలుక
మూలమును వీడి నిలిచెను మూలమందె

నిర్వాహకుడు:

హాయిగా ఉందండి. ధవళేశ్వరం దగ్గర కాలువలోకి మళ్లిన నీళ్లు తాగి బతికేవాళ్లం, ఒండ్రు మాట చూడగానే మనసు పట్టేసింది. అయితే సినిమా ఎక్కడుంది? విడిగా చదివితే ఇది నీటిపారుదల పద్యమే అవుతుంది. మొదటి పాదం “గట్టు దాటిన తెరకథ గౌతమమ్మ” అంటే గణాలు చెడవు, రూపకం కుదురుతుంది, వస్తువూ లోపలికి వస్తుంది.

రావులపాలెం రైతు:

ఆయ్, అలాగే ఉంచేయండి.

రామచంద్రపురం మేష్టారు:

భారతమ్మున శశిరేఖ పాత్ర లేదు
పెండ్లి విందున ఘనుడైన భీమ సుతుడు
తెలుగు వారల గుండెలో తిష్ఠ వేసె
మూలమును వీడి నిలిచెను మూలమందె

కామిక్స్ నేను పెద్దగా చదవలేదు. మీరంతా మూలం, మూలం అంటుంటే 1957 నాటి మాయాబజార్ గుర్తొచ్చింది. వ్యాసభారతంలో శశిరేఖే లేదు. అయినా ఆ సినిమా చూసి ఇది మన భారతం కాదని ఎవరూ లేచి వెళ్లిపోలేదు. మన సూపర్‌హీరో ఘటోత్కచుడే అనుకోండి.

నిర్వాహకుడు:

మేష్టారూ, ధార వంక పెట్టలేనిది. నా సందేహం మూడో పాదం మీద. తెలుగువారి గుండెలో నిలిచాడు సరే, మూలంలో ఎలా నిలిచాడు? జనం మెచ్చుకోవడం వేరు, మూలానికి కట్టుబడటం వేరు. జనం మెచ్చిన సినిమా కూడా మూలాన్ని గాలికి వదిలేసి ఉండొచ్చు. ఈ పాదం తమ్ముడు ఒప్పుకోడు, నేనూ ఒప్పుకోలేను.

రామచంద్రపురం మేష్టారు:

మంచి ప్రశ్న వేశారు. అరణ్యపర్వంలో ద్రౌపది నడవలేక సొమ్మసిల్లితే, తలచగానే వచ్చి మోసుకుపోయినవాడు ఘటోత్కచుడు. అయినవాళ్లకు కష్టమొస్తే భుజమివ్వడం అతని స్వభావం. సినిమాలో పెళ్లి కల్పన, విందు కల్పన. ఆ భుజం మాత్రం వ్యాసుడిదే. మూడో పాదం ఇలా మారుస్తున్నాను:

కష్టమందున బంధులఁ గాచు వాడె

నిర్వాహకుడు:

ఇప్పుడు పూరణ అయింది. వీడింది కథ, నిలిచింది స్వభావం.

అమలాపురం తమ్ముడు:

స్వభావం దగ్గరికి వచ్చారు కాబట్టి నా పద్యం వినండి. 2013లో వచ్చిన సూపర్‌మాన్ సినిమా మ్యాన్ ఆఫ్ స్టీల్ చూసి కోపంతో రాసింది.

చంపనని పల్కు ధర్మమే చచ్చినపుడు
రొమ్ముపై గుర్తు మాత్రమే రూఢి యయ్యె
వేష మొక్కటె వీరుని వెంట నుండె
మూలమును వీడి నిలిచెను మూలమందె

సూపర్‌మాన్ చేతులతో శత్రువు జాడ్ మెడ విరిచాడండి. ఎదురుగా జాడ్ కంటిమంటకు ఒక కుటుంబం కాలిపోబోతోంది, వేరే దారి లేదంటారు. దారి లేని చోట దారి వెతకడానికే కదా అతను సూపర్‌మాన్! ఎర్ర కేప్, రొమ్ము మీద గుర్తు అన్నీ ఉన్నాయి. లోపలి మనిషి లేడు.

భీమవరం వాసి:

తమ్ముడూ, 1988 సంచిక చదివావా? జాన్ బర్న్ రాసిన కథ. అందులో సూపర్‌మాన్ జాడ్‌నీ, ఇంకో ఇద్దరినీ వాళ్ల జాతికి విషమైన పచ్చ క్రిప్టొనైట్‌తో చంపుతాడు. కామిక్స్‌లో ఉన్నదే సినిమాలో ఉంటే మూలాన్ని వీడినట్టు ఎలా అవుతుంది?

అమలాపురం తమ్ముడు:

చదివాను. ఆ తర్వాత సంచికలు కూడా చదివాను. ఆ చంపిన పాపం అతన్ని నిద్రపోనివ్వదు, మతి చెదిరిపోతుంది, తను భూమ్మీద ఉండతగనని అంతరిక్షంలోకి వెళ్లిపోతాడు. చంపడం అక్కడ తప్పుగానే నిలిచింది. సినిమాలో మోకాళ్ల మీద పడి ఒక్క కేక పెడతాడు, కాసేపటికే కథ తేలికైపోతుంది. ఘటన తెచ్చుకున్నారు, దాని బరువు తేలేదు.

నిర్వాహకుడు:

ఈ చర్చలో ఇంతవరకూ వచ్చిన మాటల్లో ఇది నాకు బాగా పట్టింది. మూలంలో ఫలానా పేజీ ఉందని చూపిస్తే సరిపోదు. ఆ పేజీ తర్వాత మూలం ఏం చేసిందో కూడా చూడాలి. భీమవరం మిత్రుడు చెప్పిన సంచిక నిజమే, కాని అది తమ్ముడి పక్షానికే సాక్ష్యం పలుకుతోంది.

ఇక పద్యం. గణాలూ యతులూ చక్కగా ఉన్నాయి. అన్వయం తప్పింది తమ్ముడూ. “వీడి నిలిచెను” అన్నప్పుడు వీడినవాడూ నిలిచినవాడూ ఒక్కరే కావాలి. నీ పద్యంలో వీడింది ధర్మం, నిలిచింది వేషం. రెండు క్రియలకు ఇద్దరు కర్తలయ్యారు. సమస్యాపూరణంలో చాలామంది జారేది ఇక్కడే. రెండింటికీ కర్తగా సినిమానే నిలబెట్టి చూడు.

అమలాపురం తమ్ముడు:

చంపనని పల్కు ధర్మమే చచ్చినపుడు
రొమ్ముపై గుర్తు మాత్రమే రూఢి సేసి
వెండితెర వేష మొక్కటే విడువకుండ
మూలమును వీడి నిలిచెను మూలమందె

నిర్వాహకుడు:

భేష్. వెండితెర వీడింది, వెండితెరే నిలిచింది. “విడువకుండ” పక్కనే “వీడి” రావడం విరోధానికి పదును పెట్టింది. అక్కయ్య పద్యంలో ఇదే సమస్య మెచ్చుకోలు అయితే నీ పద్యంలో నింద అయింది.

నరసాపురం పెద్దాయన:

నాదీ ఒకటి తీసుకోండి బాబూ.

దూకుటే గాని యెగురుట తొలుత లేదు
నింగి కెగురుట నేర్పెను నీడబొమ్మ
కాగితంబునఁ బిదపనే కథగ మారె
మూలమును వీడి నిలిచెను మూలమందె

1938 నాటి తొలి సంచికలో సూపర్‌మాన్ మైలులో ఎనిమిదో వంతు దూకగలడని రాశారు. ఎగరగలడని కాదు. 1941లో మొదలైన కార్టూన్ సినిమాలు అతన్ని గాల్లో తేల్చాయి. కామిక్స్‌లో ఎగరడం ఆ తర్వాతే స్థిరపడింది. ఇవాళ ఎగరని సూపర్‌మాన్‌ని తెస్తే మూలం చెడిందని మీరే అంటారు.

అమలాపురం తమ్ముడు:

తాతగారూ, ఇది నాకు తెలుసు, పద్యంలో పడితే ఎంత బాగుందో! దూకినా ఎగిరినా పరిగెత్తేది ఎవరినో కాపాడటానికే కదండీ, అందుకని నాకు అభ్యంతరం లేదు. మెడ విరవడం మాత్రం ఒప్పుకోను.

భీమవరం వాసి:

నేను రేపు పద్యంతోనే జవాబిస్తాను. జాడ్ వైపు నుంచి కాదు, ఆ కాలిపోబోయిన కుటుంబం వైపు నుంచి రాస్తాను.

నిర్వాహకుడు:

రాయండి, ఎదురుచూస్తుంటాం. పెద్దాయన గారి పూరణలో రెండో పాదం “నీడబొమ్మ” మన తోలుబొమ్మలాటను తలపించి సినిమాకు చక్కగా సరిపోయింది, నీ–నిం యతి కూడా సహజంగా పడింది. మూడో పాదంలో కర్త “ఎగురుట” అని మొదటి పాదంలోంచి తెచ్చుకోవాలి, కాస్త దూరాన్వయం, దోషం కాదు. ఆదివారం రాత్రి వరకు పూరణలు తీసుకుంటాను. కందంలో రాస్తామన్నవాళ్లకు వచ్చే వారం వేరే సమస్య ఇస్తాను.